బల్లమీది బేస్‌బాల్ ఆటలో మైదానమునకు గల పాలు

(మన సంఘ యువజన శాఖవారి వారాంతపు సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)



ఈ సాయంకాలము నేను ఎత్తుకొన్న విషయము మొదట కొంత విడ్డూరముగా తోచవచ్చును. అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటను బల్లమీద చీట్లతోను పాచికలతోను ఆడుకొను పద్ధతి యొకటి కలదు. అసలు మైదానములలో ఒకచోట గోడ దగ్గరగా నుండును, మరియొకచోట గాలి పలుచగా నుండును. ఈ భేదములను బల్లమీది ఆటలోనికి ఎట్లు తేవలెను అనునదే నా ప్రసంగము. మన యువజన శాఖ పిల్లలు కొందరు, అమెరికాలో స్థిరపడిన బంధువులు పంపిన ఆటపెట్టె నొకదానిని ఆదివారములందు గ్రంథాలయపు వెనుక గదిలో ఆడుచున్నారు. వారిలో ఒక తగవు పుట్టినది. న్యూయార్కు జెయింట్స్ జట్టును పట్టిన పిల్లవాడు, "మా మైదానమున కుడి గోడ దగ్గర. కనుక మావాని చీటికి తోడు మైదానపు లాభము కూడ మాకు రావలె" ననెను. ఎదుటి జట్టు పట్టిన బాలిక, "ఆ లాభము వాని చీటిలోనే యున్నది గదా, మరల నెందు" కనెను. ఇద్దరును నా యొద్దకు వచ్చిరి. ఆలోచించిన కొలదియు ఆ తగవులో ఒక పెద్ద ప్రశ్నయే ఇమిడి యున్నట్లు నాకు కనబడినది. ఒకడు సాధించిన దానిలో వాని పాలెంత, వాడు నిలిచిన నేల పాలెంత?

మనలో చిన్ననాడు పుస్తకపు క్రికెట్ ఆడనివారుండరు. పాఠ్యపుస్తకమును తటాలున తెరచి, పుట సంఖ్యలోని చివరి అంకెను పరుగులుగా లెక్కించుకొను ఆట అది. సున్న వచ్చినచో ఔటు. ఆ ఆటలో మొదటి బ్యాటరును పదునొకండవవాడును సమానులే. చెన్నపట్టణమును లండనును సమానములే. చరిత్ర పుస్తకమైన నేమి, గణితమైన నేమి, అదృష్టము తప్ప మరేమియు లేదు. అమెరికావారు ఈ విధమైన ఆటలో మొదట మనిషిని ప్రవేశపెట్టిరి, పిమ్మట నేలను ప్రవేశపెట్టిరి.

మనిషిని ప్రవేశపెట్టిన చరిత్రను కొద్దిగా చెప్పెదను. విస్కాన్సిన్ రాష్ట్రమున క్లిఫర్డ్ వాన్ బీక్ అనునతడు 1930 ప్రాంతమున ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క చీటి గల ఆటను వెలువరించెను. 1941లో ఈథన్ ఆలెన్ అను మాజీ ఆటగాడు గుండ్రని బిళ్లలతోను తిరుగు ముల్లుతోను ఆడు మరియొక ఆటను రూపొందించెను. పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు నుండి రిచర్డ్ సైట్జ్ 1951లో ఎ.పి.బి.ఎ. అను ఆటను అమ్మసాగెను. వాన్ బీక్ పద్ధతియే దానికి మూలము. అందు రెండు పాచికలు వేసి, వానిని కూడక, పదుల స్థానము ఒకటి, ఒకట్ల స్థానము మరొకటిగా చదువుదురు. 11 మొదలు 66 వరకు 36 ఫలితములు, అన్నిటికిని సమానావకాశము. న్యూయార్కు ప్రాంతమున హాల్ రిచ్‌మన్ అనునతడు బాల్యముననే తలపోసి, 1961లో బజారునకు తెచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్ అను ఆటలో మూడు పాచికలు. మొదటి పాచికపై 1, 2, 3 వచ్చినచో బ్యాటరు చీటి చూడవలెను. 4, 5, 6 వచ్చినచో బంతి విసరు పిచ్చరు చీటి చూడవలెను. మిగిలిన రెంటిని కూడగా వచ్చిన సంఖ్య ఆ చీటిలో ఏ గడియో తెలుపును. ఇందు 7 వచ్చుటకు 36లో 6 అవకాశములు, 2 వచ్చుటకు ఒక్కటే. కావున ఒకడు ఆ యేడు నిజముగా ఎన్ని హోంరన్‌లు కొట్టెనో, ఎన్నిసార్లు ఔటయ్యెనో లెక్కించి, తగిన గడులలో వానిని నింపినచో, వేయి సార్లు పాచికలు వేయునప్పటికి చీటి మనిషివలె ఆడును. మన పిల్లల పెట్టె ఈ రెండవ తరగతికి చెందినది.

ఇక నేల మాట. క్రికెట్‌లో పిచ్ 22 గజములు. బౌండరీ మాత్రము ఊరికొక తీరు. బేస్‌బాల్‌లోను అంతే. ఒక బేసు నుండి మరొక బేసునకు 90 అడుగులు, పిచ్చరు నిలుచు చోటి నుండి బ్యాటరుకు 60 అడుగుల 6 అంగుళములు. ఇవి ఎక్కడను మారవు. బ్యాటరు ముందునుండి లంబకోణమున సాగిపోవు రెండు ఫౌల్ గీతల నడుమ, బంతి గోడ దాటిపడినచో హోంరన్. ఆ గోడ ఎంత దూరమున నుండవలెనో చాలకాలము కట్టడి లేదు. 1958 జూన్ 1వ తేదీ తరువాత కట్టు మైదానములకు మాత్రము గీతల వెంబడి 325 అడుగులు, నడుమ 400 అడుగులు తక్కువ కారాదని నియమము చేసిరి. అంతకు ముందు కట్టినవి ఊరి నడిబొడ్డున, వీథుల మధ్య దొరికిన స్థలమున కట్టినవి. వాషింగ్టన్ నగరపు గ్రిఫిత్ స్టేడియమున నడిమి గోడ ఒక పెద్ద చెట్టును కొన్ని యిండ్లను తప్పించుకొని లోపలికి వంగియుండెను. ఇండ్లవారు స్థలము అమ్ముటకు ఒప్పుకొనకపోవుటయే దానికి కారణము. ఇరుగుపొరుగు గృహస్థుల పట్టుదల ఒక దేశీయ క్రీడ యొక్క లెక్కలను మార్చివేయుట నాకు మిక్కిలి ముచ్చట గొల్పిన సంగతి.

మన పిల్లల తగవునకు మూలమైన మైదానము న్యూయార్కులోని పోలో గ్రౌండ్స్. అది గుఱ్ఱపు లాడమువలె పొడవుగా నుండెడిది. కుడి గీత వెంట గోడ సుమారు 258 అడుగులే. ఎడమ గీత వెంట 279. నడుమ మాత్రము సుమారు 480 అడుగులు. 1964లో దానిని పడగొట్టిరి. 1954 సెప్టెంబరు 29న అక్కడ జరిగిన ప్రపంచ శ్రేణి మొదటి ఆటను మీ కంటికి కట్టింప యత్నించెదను, ఏలయన దానిలోనే మన విషయమంతయు కలదు. ఎనిమిదవ ఇన్నింగ్సు, రెండు జట్లును రెండేసి పరుగులతో సమానముగా నున్నవి, క్లీవ్‌లాండ్ జట్టువారు ఇద్దరు బేసులపై నున్నారు. విక్ వెర్జ్ అను బ్యాటరు బంతిని నడిమి వైపునకు 420 అడుగులకు మించి కొట్టెను. నాటి తక్కిన మైదానములలో పెక్కింట అది గోడ దాటియుండెడిది. పోలో గ్రౌండ్స్‌లో విల్లీ మేస్ వెనుదిరిగి పరుగెత్తి, భుజము మీదుగా దానిని పట్టుకొనెను. వెర్జ్ ఔటు. పదవ ఇన్నింగ్సులో జెయింట్స్ పక్షమున మరియొకనికి బదులుగా దిగిన డస్టీ రోడ్స్ కుడి గీత వెంట సుమారు 260 అడుగులు మాత్రమే పోవు ఒక బంతిని మెల్లగా లేపెను. అది గోడ దాటినది. మూడు పరుగులు వచ్చినవి. 5-2తో ఆట ముగిసినది. ఆ శ్రేణిలో జెయింట్స్ నాలుగింటికి నాలుగు గెలిచిరి.

ఒకే దినమున, ఒకే చోట, 420 అడుగులది ఔటు, 260 అడుగులది హోంరన్. కావున "ఈ మైదానము బ్యాటరులకు మేలు" అని ఒక్కమాటలో చెప్పుట పొరపాటు. ఏ వైపున మేలు, ఎవరికి మేలు అని అడుగవలెను.

అదే నగరమున, దాదాపు ఒకే కాలమున ఆడిన ఇద్దరిని చూడుడు. మెల్ ఆట్ ఎడమచేతివాటపు బ్యాటరు, జెయింట్స్ జట్టువాడు. అతని బంతి సహజముగా కుడివైపునకు పోవును. కుడి గోడ దగ్గర. జీవితకాలమున అతడు కొట్టిన హోంరన్‌లు 511. అందు స్వస్థలమున కొట్టినవి 323, పరస్థలములందు 188. జో డిమాజియో కుడిచేతివాటపువాడు, యాంకీస్ జట్టువాడు. యాంకీ స్టేడియమున కుడి గోడ దగ్గరయే గాని, ఎడమ-నడిమి భాగమున గోడ దాదాపు 460 అడుగుల దూరమున నుండెడిది. అతని బంతులు పోవునది అటే. అతని హోంరన్‌లు 361. స్వస్థలమున 148, బయట 213. మొత్తములు చూచిన 511కును 361కిని పోలికయే లేదు. బయటి లెక్క చూచినచో డిమాజియోదే పై చేయి. అందును ఆట్ ఆడిన ఆటలు 2,730, డిమాజియో ఆడినవి 1,736 మాత్రమే. ఈ లెక్క చూచిన పిదప చీటిపై అచ్చువేసిన అంకెను మునుపటివలె నమ్ముట కష్టము.

బల్లమీదికి ఈ భేదమును తెచ్చుటకు స్ట్రాట్-ఓ-మాటిక్‌లో తరువాతి కాలమున ఒక చక్కని ఉపాయము పన్నిరి. చీటిలోని కొన్ని గడులలో "హోంరన్" అనియు "ఔటు" అనియు తేల్చి చెప్పక ఒక గుర్తు మాత్రము వేయుదురు. ఆ గుర్తు పడినప్పుడు ఇరువది ముఖముల పాచిక వేయవలెను. ప్రతి మైదానమునకు ఒక సంఖ్య యుండును. కుడిచేతి బ్యాటరునకు ఒకటి, ఎడమచేతి బ్యాటరునకు ఒకటి. పాచికపై ఆ సంఖ్యగాని అంతకు తక్కువగాని వచ్చినచో బంతి గోడ దాటినట్లు. ఎక్కువ వచ్చినచో గోడ చెంత చిక్కినట్లు. సింగిలునకు వేరు గుర్తు, వేరు సంఖ్యలు. ఇరువది ముఖముల పాచిక లేనివారు అట్టతో 1 నుండి 20 వరకు బిళ్లలు చేసి సంచిలో వేసికొనినను సరిపోవును. తీసిన బిళ్లను మరల సంచిలో వేయవలెను, మరవకుడు.

ఈ గుర్తు ఎంత పని చేయునో కొలుచుకొందము. బ్యాటరు చీటిలోని ఒక వరుసలో 7 ఎదుట ఈ గుర్తున్నదనుకొనుడు. ఆ వరుస వచ్చుటకు 6లో ఒక అవకాశము. 7 వచ్చుటకు 36లో 6, అనగా మరల 6లో ఒకటి. మొత్తము 36లో ఒకటి. ఏడాదిలో 600 సార్లు బ్యాటు పట్టువానికి ఆ గుర్తు 16, 17 సార్లు పడును. మైదానపు సంఖ్య 4 అయినచో అందు మూడు హోంరన్‌లు. 10 అయినచో ఎనిమిది. 16 అయినచో పదమూడు. ఒక్క గడిలో, మనిషి మారకయే, మూడు మొదలు పదమూడు వరకు.

ఇప్పుడు పిల్లల తగవునకు వచ్చెదను. ఇందులో బాలిక వాదమే మూలమున సరియైనది. అయినను పిల్లవాడు వట్టి మూర్ఖుడు కాడు. ఊహకొక బ్యాటరును తీసికొందము. అతడు ఏడాదిలో 30 హోంరన్‌లు కొట్టెను. అతని స్వస్థలమున ఇతర స్థలములకన్న ఒకటిన్నర రెట్లు హోంరన్‌లు పడుననుకొందము. చీటిని ఆ 30తోనే తయారుచేసి, స్వస్థలమున ఆడినప్పుడు మరల ఒకటిన్నర రెట్లు ఇచ్చితిమేని ఏమగును? బయట 15, ఇంట 15కు బదులు ఇరువదిరెండున్నర. మొత్తము ముప్పదియేడున్నర. అతడెన్నడును కొట్టనివి ఏడున్నర హోంరన్‌లు ఎక్కడనుండి ఊడిపడినవి? ఒకే లాభమును రెండుసార్లు జమకట్టుటవలన. మన కోమటి దుకాణములలో ఒకే సరుకును రెండు పద్దులలో వ్రాసినట్లు.

కావున ముందుగా చీటినుండి మైదానమును తీసివేయవలెను. సగము ఆటలు ఇంట, సగము బయట, ఇంట ఒకటిన్నర, బయట ఒకటి, సగటు ఒకటింపావు. 30ని ఒకటింపావుతో భాగించిన 24. ఇది మనిషి పాలు. ఈ 24తో చీటి వ్రాసి, అప్పుడు మైదానపు సంఖ్యను ప్రయోగించినచో బయట 12, ఇంట 18, మొత్తము 30. లెక్క సరిపోయినది. పిల్లవాడు అడిగిన మైదానపు లాభము అతనికి దక్కినది. బాలిక భయపడిన రెట్టింపు జమ తొలగినది. పిచ్చరు చీటికిని ఇదే శుద్ధి చేయవలెను. సగము ఫలితములు ఆ చీటినుండియే వచ్చును గనుక, బ్యాటరుల చీట్లను మాత్రమే కడిగి పిచ్చరుల చీట్లను వదలినచో పని సగమే అగును.

ఒకరు నన్ను ప్రశ్నింపవచ్చును: "ఉన్న చీట్లతోనే, మైదానముల ప్రసక్తి లేక ఆడినచో ఏడాది చివర మొత్తములు సరిగానే వచ్చును గదా, ఈ శ్రమ యెందుకు?" నిజమే. జరిగిన యేడును జరిగినట్లే తిరిగి ఆడువారికి ఈ శ్రమ అక్కరలేదు. డిమాజియోను పోలో గ్రౌండ్స్‌కు గాని, ఆట్‌ను మరియొక ఊరికి గాని మార్చి చూడవలెనన్న కోరిక పుట్టిన క్షణముననే దీని యవసరము వచ్చును. పిల్లలు చేయునది అదియే; ఒక్క ఆదివారమైనను వారు జట్లను ఉన్నవి ఉన్నట్లు ఉంచినది నేను చూడలేదు.

ఆ "ఒకటిన్నర" అను సంఖ్య ఎట్లు వచ్చును? ఒక్క మనిషి లెక్కనుండి తీయరాదు. అట్లు చేసినచో వాని ప్రత్యేకతను మైదానమునకు అంటగట్టినవారమగుదుము. ఒక జట్టు స్వస్థలపు ఆటలన్నిటిలో తానును ఎదుటివారును కలిసి సాధించినది ఒకవైపు. అదే జట్టు బయటి ఆటలన్నిటిలో ఇరుపక్షములును కలిసి సాధించినది ఇంకొకవైపు. ఆటకింత అని తీసి మొదటిదానిని రెండవదానితో భాగింపవలెను. ఎదుటివారిని కలుపుకొనుటయే ఇందలి కీలకము. జట్టు మంచిదైనను చెడ్డదైనను రెండు వైపులను అదే జట్టు గనుక ఆ గుణము కొట్టివేయబడి మైదానము మాత్రమే మిగులును. పీట్ పామర్, బిల్ జేమ్స్ మొదలగు గణకులు ఈ విధమైన లెక్కలను 1970ల తరువాత బహుళ ప్రచారమునకు తెచ్చిరి. ఒక్క యేటి లెక్కను పట్టుకొని తీర్పు చెప్పరాదు. స్వస్థలమున ఏడాదికి 81 ఆటలే. రెండు మూడేండ్లు కలిపిన గాని సంఖ్య నిలకడకు రాదు. నడుమ గోడను జరిపినచో మరల మొదటికి.

చేతివాటమును బట్టి రెండు సంఖ్యలు ఇచ్చుటతో పని ముగిసినదా యన్న, ముగియలేదు. 1958లో బ్రూక్లిన్ జట్టు లాస్ ఏంజెలెసుకు తరలిపోయి, క్రొత్త మైదానము సిద్ధమగువరకు నాలుగేండ్లు 1932 నాటి ఒలింపిక్స్ జరిగిన కొలీసియమున ఆడినది. పరుగుపందెములకై కట్టిన చోట బేస్‌బాల్‌ను ఇరికించుటవలన ఎడమ గోడ 251 అడుగులకే వచ్చినది. దానిపై సుమారు 40 అడుగుల ఎత్తున వల కట్టిరి. కుడి-నడిమి భాగమున 440 అడుగులు. మొదటి యేట అక్కడ పడిన 193 హోంరన్‌లలో 182 ఎడమవైపునే పడినవి. బ్రూక్లిన్‌లో 1957లో 40 హోంరన్‌లు కొట్టిన ఎడమచేతివాటపు డ్యూక్ స్నైడర్ 1958లో 15 మాత్రమే కొట్టెను. మోకాటి నొప్పియు కొంత కారణము, మైదానమును కారణమే. అయితే 1959లో వచ్చిన వాలీ మూన్ కూడ ఎడమచేతివాటమువాడే. అతడు తన బంతి సహజముగా పోవు కుడివైపును విడిచి, ఎడమవైపు వల మీదుగా ఎత్తి కొట్టుట అభ్యసించెను. జనులు ఆ దెబ్బలకు అతని పేరు మీదనే "మూన్ షాట్" అని పేరు పెట్టిరి. ఎడమచేతివాటమునకు ఒకే సంఖ్య ఇచ్చు పట్టిక స్నైడరును మూన్‌ను ఒకే గాటకట్టును. నేల మనిషిని ఎట్లు మలచునో, మనిషి నేలను ఎట్లు వాడుకొనునో పట్టిక ఎరుగదు. తరతరములుగా పరభాషా ప్రాంతమున కాపురమున్న మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదనుకొందును.

బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కు 1912లో తెరచినది, నేటికిని నిలిచియున్నది. ప్రక్కనే వీథి యుండుటవలన ఎడమ గోడ 310 అడుగులకే కట్టవలసివచ్చెను. గోడ ఎత్తు 37 అడుగులు. ఈ గోడ ఒక చేత ఇచ్చి మరియొక చేత పుచ్చుకొనును. ఇతరత్రా చేత చిక్కెడి ఎత్తైన బంతి ఇక్కడ గోడకు తగిలి రెండు బేసుల దెబ్బ యగును. ఇతరత్రా హోంరన్ కావలసిన నేలబారు వేగపు బంతియు గోడకు తగిలి రెండు బేసుల దెబ్బయే యగును. కావున ఫెన్‌వేను హోంరన్ సంఖ్యతో మాత్రమే చూపినవారు దానిని చూపనట్లే. పిల్లలకు నా సలహా యేమన, ఫెన్‌వేలో గుర్తు పడి హోంరన్ తప్పిపోయినప్పుడు తిన్నగా ఔటు వ్రాయక, మరియొక బిళ్ల తీసి కొన్ని సంఖ్యలకు రెండు బేసులు ఇచ్చునట్లు ఏర్పరచుకొనుడు. పెట్టెలోని నియమములు వేదవాక్యములు కావు.

గోడ మాట అటుంచి గాలి మాటకు వచ్చినచో డెన్వర్ నగరము చూడవలెను. సముద్రమట్టమునకు సుమారు ఒక మైలు ఎత్తు. మన బెంగుళూరు మూడువేల అడుగుల ఎత్తున నుండుటకే చిన్నస్వామి మైదానమున బంతి తేలిపోవునని మనవారందురు. 2013 ఏప్రిల్ 23న క్రిస్ గేల్ అక్కడ 17 సిక్సరులతో అజేయముగా 175 పరుగులు చేసినప్పుడు బౌండరీల దగ్గరితనమును గూర్చియు ఎత్తును గూర్చియు ఎంత చర్చ జరిగెనో మీకు తెలియును. డెన్వర్‌లో గాలి సాంద్రత సముద్రతీరపు గాలిలో దాదాపు ఐదింట నాలుగు పాళ్లే. కొట్టిన బంతికి అడ్డు తక్కువ. విసరిన బంతికి వంపు తక్కువ. ఇది తెలిసియే 1995లో తెరచిన కూర్స్ ఫీల్డ్‌లో గోడలను దూరముగా కట్టిరి. దానివలన వేరొక చిక్కు వచ్చినది. కాపు కాయవలసిన నేల పెరిగి, నడుమ పడు బంతులు ఎక్కువై, సింగిళ్లును రెండు బేసులును మూడు బేసులును అధికమైనవి. హోంరన్ సంఖ్యతో పాటు సింగిలు సంఖ్య యెందుకు కావలెనో ఇక్కడ బోధపడును. 2002 నుండి బంతులను తేమ గదిలో నిలువచేయుచున్నారు. ఎండిన బంతి గట్టిపడి ఎక్కువగా ఎగురును గనుక. నాటినుండి హోంరన్‌లు తగ్గినవి. కావున 1996 నాటి డెన్వర్ చీటీని 2006కు వాడరాదు.

ఆ డెన్వర్ జట్టువారి పని వింతయైనది. 1995లో డాంటే బిషెట్ 40 హోంరన్‌లు కొట్టెను. అందు 31 ఇంటను, 9 మాత్రమే బయటను. లోకము అది చూచి, డెన్వర్‌లో ఎవడేమి సాధించినను గాలిదే ఘనతయని తీర్మానించినది. ఆ తీర్మానపు బరువు లారీ వాకర్ మీద పడినది. కెనడా దేశస్థుడైన వాకర్ 1997లో 49 హోంరన్‌లు కొట్టి, ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికయ్యెను. ఆ 49లో ఇంట కొట్టినవి 20. బయట కొట్టినవి 29! అయినను ఆటగాళ్ల కీర్తిమందిరమునకు అతని పేరు వచ్చినప్పుడు మొదటి యేట, 2011లో, అతనికి వచ్చినది నూటికి ఇరువది యోట్లు మాత్రమే. కావలసినది నూటికి 75. పదియేండ్లకు మించి పేరు నిలువదు. పదియవదియు కడపటిదియు నైన 2020లో 76.6 శాతముతో అతడు గట్టెక్కెను. వాకర్‌కు డెన్వర్ గాలి సాయపడలేదని నేననను. తన మొత్తము ఆటజీవితమున అతడు దానివలన లాభపడినమాట వాస్తవమే. ఎంత లాభపడెనో లెక్కించి, అంత మాత్రమే తగ్గించి, మిగిలినది అతనిదని ఒప్పుకొనుటకు పదియేండ్లు పట్టినది. మైదానమును లెక్కలోనికి తీసికొనకపోవుట ఒక అన్యాయము. మైదానము పేరు చెప్పి మనిషిని మొత్తముగా కొట్టివేయుట అంతకన్న పెద్ద అన్యాయమని నా అభిప్రాయము.

చికాగోలోని రిగ్లీ ఫీల్డ్ వంటి చోట్ల సగటు సంఖ్యయే పనికిరాదు. సరస్సు మీది గాలి ఒకనాడు లోపలికి వీచి బంతిని నేలకు దించును, ఒకనాడు బయటికి వీచి ఎగురవేయును. 1979 మే 17న అక్కడ ఫిలడెల్ఫియా 23, చికాగో 22 పరుగులు చేసినవి. గాలి బయటికి వీచిన దినమది. అట్టి మైదానమునకు ఆట మొదట ఒక పాచిక వేసి, 1, 2 వచ్చినచో ఎదురుగాలియనియు, 5, 6 వచ్చినచో వెంట గాలియనియు, మిగిలినచో నిశ్చలమనియు ఏర్పరచి, మైదానపు సంఖ్యను నాలుగైదు మెట్లు తగ్గించుటయో హెచ్చించుటయో మేలు. ఇంతకు మించి వర్షము, ఎండ, ప్రేక్షకుల కేకలు మొదలగువానికెల్ల పాచికలు పెట్టవలెనని కొందరందురు. నేను ఒప్పుకొనను. ఒక్క బంతికి అయిదు పాచికలైనచో ఆట కాదది, కరణము లెక్క.

పిల్లల యొద్ద 1954 నాటి జెయింట్స్, క్లీవ్‌లాండ్ జట్ల చీట్లు కలవు. మైదానమును తీసివేసిన క్రొత్త చీట్లను ఆ యిద్దరు తగవులాడినవారే కలిసి వ్రాయవలెనని చెప్పితిని. లెక్కను ఒకరు వేసినచో మరొకరు సరిచూడవలెను. పోలో గ్రౌండ్స్‌కు గీతల వెంబడి కొట్టిన బంతికి ఒక సంఖ్య, నడిమి వైపునకు కొట్టిన బంతికి మరియొక సంఖ్య వేరుగా పెట్టుకొనుటకు ఇద్దరును సమ్మతించిరి. సంఖ్య ఎంత యుండవలెనో ఇంకను తేలలేదు. నడిమికి 2 చాలునని పిల్లవాడు, 1కి మించరాదని బాలిక. ఇరువది ఆటలు ఆడి లెక్కపెట్టుడంటిని. అట్టబిళ్లలును సంచియు గ్రంథాలయపు రెండవ బీరువాలో, క్రింది అరలో ఉంచబడినవి. ఆదివారము నాలుగు గంటలకు మొదటి ఆట.